సుగ్గికి వెళ్లే ఊరిలో ఆరోగ్య అవసరాల అంచనా: ఒక పబ్లిక్ హెల్త్ నర్సు కేస్ స్టడీ

కర్నూలు జిల్లా పశ్చిమాన ఆదోని, కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు ప్రాంతాల్లో వానను నమ్ముకున్న సేద్యమే ఎక్కువ. ఖరీఫ్ పంట చేతికొచ్చాక ఊళ్లో పని ఉండదు. అప్పుడు వేల కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు, పల్నాడు వైపు తరలిపోతాయి. దీన్నే ఇక్కడ సుగ్గికి వెళ్లడం అంటారు. బియ్యం మూటలు, వంటపాత్రలు, పసిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ బయలుదేరుతారు. పొలాల పక్కన పట్టాలు కప్పిన గుడారాల్లో ఉంటారు. చాలామంది ఉగాదికి తిరిగొస్తారు.

ఈ కేసు అలాంటి ఒక ఊరిది. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పబ్లిక్ హెల్త్ నర్సును. ఉపకేంద్రాల్లో ఊళ్లను చూసుకునే ఆరోగ్య కార్యకర్తలైన ఏ.ఎన్.ఎం.ల పనిని పర్యవేక్షించడం, వారితో కూర్చుని వార్షిక ప్రణాళిక రాయించడం నా బాధ్యత. ఊరి పేరు ఇవ్వడం లేదు, మనుషులను గుర్తుపట్టే వివరాలూ తీసేశాను.

రిజిస్టరు ఆగిపోయే చోటు

పని రిజిస్టర్లతోనే మొదలైంది. ఈ ఊళ్లో గర్భిణుల నమోదు బాగుంది. ఎక్కువమంది మూడో నెల నిండకముందే పేరు రాయించుకున్నారు. డిసెంబరు దాకా పరీక్షలు, టీకాలు వరుసగా పడ్డాయి. జనవరి నుంచి గడులు ఖాళీ. రిమార్కుల గడిలో మాత్రం ఒకటే మాట కనిపిస్తుంది: వలస. ఏడో నెల గర్భిణి పేరు ఎదుట వలస. ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా మూడో డోసు పడాల్సిన బిడ్డ పేరు ఎదుట వలస. బీపీ మాత్రలు వాడుతున్న మనిషి పేరు ఎదుట వలస. ఆ మాట రాశాక ఆ మనిషి గురించి ఇంకెవరూ అడగరు. వలస వెళ్లినవారిని పక్కన పెట్టి, ఉన్నవారి మీదే శాతం కడితే నివేదిక కూడా చక్కగానే కనిపిస్తుంది.

ఇక్కడ లెక్క ఒకసారి చూడాలి. మైదాన ప్రాంతంలో ఒక ఉపకేంద్రానికి 5,000 జనాభా ప్రమాణం. జననాల రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 80 కాన్పులు. గర్భస్రావాలు, మృతశిశు జననాల కోసం పది శాతం కలిపితే 88 మంది గర్భిణులు. ఏ నెలలో చూసినా అందులో దాదాపు సగం, అంటే 44 మంది రిజిస్టరులో ఉండాలి. ఈ సూత్రం ప్రతి ఏ.ఎన్.ఎం.కూ కంఠస్థమే. కానీ ఏడాది పొడవునా మనుషులు ఊళ్లోనే ఉంటారని నమ్మి కట్టిన సూత్రమిది. నాలుగు నెలలు ఊరే లేచిపోయే చోట 44 మంది ఎక్కడ ఉన్నారన్నది సంఖ్యకంటే ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. గర్భిణికి చేయాల్సిన నాలుగు పరీక్షల్లో మూడోది 28 నుంచి 34 వారాల మధ్య, నాలుగోది 36 వారాల తర్వాత. ఆగస్టులో పేరు రాయించుకున్న స్త్రీకి ఆ రెండూ సరిగ్గా సుగ్గి నెలల్లో పడతాయి. రక్తపోటు పెరిగేది, కాళ్ల వాపు వచ్చేది, బిడ్డ అడ్డం తిరిగి ఉందని తెలిసేది ఆ రెండు పరీక్షల్లోనే.

సమాజ అవసరాల అంచనా మన ప్రజారోగ్య వ్యవస్థకు కొత్తది కాదు. 1996 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కుటుంబ నియంత్రణ పద్ధతులవారీ లక్ష్యాలను దేశమంతటా ఎత్తివేసింది. పైనుంచి లక్ష్యం దిగడం కాదు, ఏ.ఎన్.ఎం. తన ఊరిని అడిగి ప్రణాళిక రాయాలన్నది ఆ మార్పు ఉద్దేశం. మరుసటి ఏడాది దానికే సమాజ అవసరాల అంచనా పద్ధతి అని పేరు పెట్టారు. ఆలోచన గొప్పది. ఆచరణలో ఫారం మిగిలి, అడగడం సన్నగిల్లింది. పోయిన ఏడాది అంకెకు కొంత కలిపి ఈ ఏడాది ప్రణాళిక అనిపించే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. పనిభారం తెలిసినదాన్ని కాబట్టి ఇందుకు ఏ.ఎన్.ఎం.లను తప్పుపట్టను. అడగడానికి సమయం ఇవ్వకుండా ఫారం మాత్రం అడిగే పద్ధతినే తప్పుపడతాను.

ఎప్పుడు అడగాలి

వార్షిక ప్రణాళికకు మాకు సమాచారం అడిగేది శీతాకాలం చివర్లో. ఈ ఊళ్లో అప్పుడు ఇంటింటి సర్వే చేస్తే సగం ఇళ్లకు తాళాలుంటాయి. తలుపు తీసేది వృద్ధులు. వారి అవసరాలే ఊరి అవసరాలుగా కాగితానికెక్కుతాయి. అందుకే అంచనాను రెండు విడతలుగా చేశాం. పంట ఇంటికొస్తుండగా, బయలుదేరకముందు ఒకటి. ఉగాది తర్వాత, తిరిగొచ్చిన అలసట ఇంకా ఒంట్లో ఉండగానే రెండోది. మధ్యలో, తాళాలున్న కాలంలో, ఊళ్లో మిగిలినవారితో విడిగా మాట్లాడాం.

బృందంలో ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, గ్రామ క్లినిక్‌లోని మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, నేను ఉన్నాం. మొదట ఊరంతా నడిచాం. కుళాయిలు ఎక్కడున్నాయి, ఏ వీధిలో మురుగు నిలిచింది, కిరాణా కొట్లో ఏ మాత్రలు విడిగా అమ్ముతున్నారు, బెల్టు షాపు ఎవరింటి పక్కన ఉంది, అన్నీ రాసుకున్నాం. ప్రధాన వీధిలో పది అడుగులకో పలకరింపు ఎదురైంది. చివరి వీధుల్లో మాత్రం మమ్మల్ని చూసి తలుపు దగ్గరకు వేశారు. ఆ ఇళ్లవారే సుగ్గికి ముందుగా వెళ్లేది, ఆలస్యంగా వచ్చేది. ఎక్కువ సమయం ఎక్కడ గడపాలో ఆ నడకే చెప్పింది.

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన సాధనం కాలపట్టిక. అంగన్‌వాడీ ముందు నేల మీద ముగ్గుపిండితో పన్నెండు గడులు గీశాం. ఉగాది, ఏరువాక, వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి, శివరాత్రి ఏ గడిలో వస్తాయో ఆడవాళ్లే గుర్తులు పెట్టారు. తర్వాత ఒక్కో ప్రశ్నకు గుప్పెడు శనగలు ఇచ్చాం. పని ఎక్కువున్న నెలలో ఎక్కువ గింజలు, లేని నెలలో ఒకటీ అరా. అలాగే చేతిలో డబ్బు, ఇంట్లో తిండి, జ్వరాలు, కాన్పులు, అప్పు. పెన్ను పట్టనివాళ్లు కూడా గింజలు పెట్టడానికి వెనకాడలేదు. ఒకామె పెట్టిన గింజలను ఇంకొకామె తీసి పక్క గడిలో పెట్టింది. ఇద్దరి మధ్యా వాదన నడిచింది. ఆ వాదనలో వినిపించినవి ఏ ప్రశ్నావళిలోనూ రావు.

పట్టిక పూర్తయ్యాక చూస్తే అప్పు గింజలు దసరా గడిలో గుట్టగా ఉన్నాయి. కూలీలను గుంపుగా కట్టి పొలాలకు తీసుకెళ్లే మేస్త్రి దగ్గర తీసుకునే అడ్వాన్సు అది. గర్భిణి ప్రయాణం మానుకోకపోవడానికి కారణం నేల మీద గింజల్లో కనిపించింది. అడ్వాన్సు ఇంటి లెక్కన ఇచ్చేది కాదు, పనిచేసే చేతుల లెక్కన ఇచ్చేది. ఆరు చేతులకు తీసుకుని నాలుగే వెళితే మిగతా డబ్బు తిరిగి కట్టాలి. ఏడో నెలలో ప్రయాణం చేయకూడదని ఆమెకు తెలియదని మేము అనుకుంటూ వచ్చాం. ఆమెకు బాగా తెలుసు.

ఎవరిని అడగాలి

సర్పంచి, ఉపాధ్యాయుడు, పొదుపు సంఘం నాయకురాలు ఏ అంచనాలోనైనా ఉంటారు. ఇక్కడ వారికంటే ఎక్కువ చెప్పగలిగినవాడు గుంపు మేస్త్రి. ఏ కుటుంబం ఏ మండలంలో ఏ రైతు పొలానికి వెళ్తుంది, ఎప్పుడు బయలుదేరుతుంది, ఎంతమంది పిల్లలున్నారు, ఎవరి ఫోను పనిచేస్తుంది, అన్నీ అతని పుస్తకంలో ఉన్నాయి. మా రిజిస్టరులో వలస అన్న ఒక్క మాటతో ఆగిపోయిన కుటుంబానికి అతని దగ్గర చిరునామా ఉంది.

అతనితో మాట్లాడటం మీద మా బృందంలోనే అభిప్రాయభేదం వచ్చింది. కూలీల డబ్బుతో బతికేవాడని ఒకరన్నారు. తనిఖీకి వచ్చామనుకుని దాక్కుంటాడని మరొకరన్నారు. ముందుగా ఒక హద్దు గీసుకున్నాం: కూలి రేట్లు, అడ్వాన్సుల లెక్క మేము అడగం. ఆరోగ్య సేవ చేరవేయడానికి అవసరమైనంతే అడుగుతాం. ఎవరి జబ్బు గురించీ అతనికి చెప్పం. ఈ చివరిది చాలా ముఖ్యం. ఫలానా మనిషికి క్షయ ఉందని మేస్త్రికి తెలిస్తే ఆ సీజనుకు ఆ ఇంటికి పని పోతుంది.

మగవాళ్లతో రచ్చకట్ట దగ్గర, ఆడవాళ్లతో అంగన్‌వాడీలో, కిశోర బాలికలతో విడిగా మాట్లాడాం. ఇంట్లో అత్త, భర్త ముందు ఒకటి చెప్పినవాళ్లు తోటి ఆడవాళ్ల మధ్య వేరొకటి చెప్పారు. ఇంటింటి ప్రశ్నావళి కూడా వాడాం. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు అంచనాకు ఆశా కార్యకర్త నింపే సీబాక్ ఫారంలో నాలుగుకు మించి మార్కులు వచ్చినవారి జాబితా అప్పటికే ఉంది. దాన్ని మళ్లీ చేయకుండా అక్కడి నుంచే ముందుకు వెళ్లాం. ఉన్న సమాచారాన్నే మళ్లీ అడిగి జనాన్ని విసిగించడం వారి సమయానికి విలువ ఇవ్వకపోవడమే.

మిరప పొలాల దగ్గరకూ వెళ్లాం. ఒక నర్సు తన కళ్లతో చూడాల్సిన చోటు అది. తెల్లవారకముందే వంట, మంచు తడి ఆరకుండానే కోత. నీళ్ల బిందె గట్టు మీద దూరంగా ఉంటుంది. మరుగు లేదు కాబట్టి ఆడవాళ్లు నీళ్లు తాగరు. మూత్రంలో మంట గురించి దాదాపు ప్రతి గుంపులోనూ చెప్పారు. మిరప ఘాటుకు చేతులు మండుతాయి. ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకోవాలి, పాలివ్వాలి. బిడ్డ కళ్లు ఎర్రబడతాయి. నూనె పట్టించి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడిగితే మంట తగ్గుతుందని కొందరు అనుభవంతో కనిపెట్టారు. వట్టి నీళ్లతో కడిగితే ఘాటు వదలకపోవడానికి కారణం అది నూనెలోనే కరిగే పదార్థం కావడం. మేము చెప్పాల్సిన సలహా వారి దగ్గరే ఉంది, మిగతా గుంపులకు చేర్చడమే మా పని అయింది.

ఐరన్ మాత్రల సంగతి కూడా అక్కడే తెలిసింది. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర గర్భిణి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. మాత్రలు ఇచ్చిన లెక్క మా దగ్గర ఉంది. పొలంలో వాటిని పొద్దున్నే టీతో వేసుకుంటున్నారు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కొందరు కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటున్నారు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఖాళీ కడుపుతో వేసుకుని వాంతులై మానేసినవాళ్లూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ శాతం వెనుక మాత్ర అందకపోవడం ఒక్కటే లేదు. ఈ పొలం గట్టూ ఉంది.

మిగిలిపోయినవారు

వలస ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందరి దృష్టీ వెళ్లినవారి మీదే ఉంటుంది. ఊళ్లో మిగిలినవారి పరిస్థితి రెండో విడతలో నన్ను ఎక్కువ కదిలించింది. బడి మానకుండా ఉండాలని మనవళ్లను, మనవరాళ్లను అవ్వతాతల దగ్గర వదిలి వెళ్తారు. వలస వెళ్లినవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరిచిన చోట కొందరు అక్కడ ఉంటారు, చిన్నపిల్లలు మాత్రం అవ్వ దగ్గరే. ఆ అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు ఉండవచ్చు. ఆమె బీపీ మాత్రలు తెచ్చిపెట్టే కొడుకు పల్నాడులో ఉంటాడు. ఒక పెద్దావిడ ఇలా అంది: "నేను పడిపోతే ఈ పిల్లలకు అన్నం ఎవరు పెడతారమ్మా? అందుకే మాత్ర వేసుకుంటున్నాను. అయిపోతే మాత్రం తెచ్చేవాళ్లు లేరు."

కిశోర బాలికల సంగతి ఇంకా కష్టమైనది. ఆడపిల్లను ఊళ్లో ఒంటరిగా వదలడం భయం, గుడారంలో ఉంచడం అంతకంటే భయం. ఆ రెండు భయాల మధ్య చిన్న వయసులో పెళ్లి చేసేస్తున్నారు. దీన్ని అవగాహన లోపం అని రాసి, అవగాహన సదస్సు పెట్టమని ప్రణాళికలో చేర్చడం తేలిక. చట్టం ఏమంటుందో ఆ తల్లులకు తెలుసు. వారు అడిగింది డిసెంబరు నుంచి మార్చి దాకా తమ కూతుళ్లకు భద్రమైన చోటు. నివేదికలో ఆ మాటే రాశాను.

వరుస ఎలా నిర్ణయించాం

సమస్యల జాబితాలు రెండు తయారయ్యాయి. మా జాబితాలో పైన తప్పిపోయిన గర్భిణి పరీక్షలు, సగంలో ఆగిన టీకాలు, రక్తహీనత, మధ్యలో ఆగే క్షయ చికిత్స ఉన్నాయి. ఊరి జాబితాలో పైన ఒళ్లునొప్పులు, చేతుల మంట, తాగునీరు, మద్యం, ఆడపిల్లల భద్రత ఉన్నాయి.

ప్రాధాన్యం తేల్చడానికి సమస్యలకు మార్కులు వేసి వరుస పెట్టే హాన్లన్ పద్ధతి వాడాం. సమస్య ఎంతమందికి ఉందో ఒక మార్కు, ఎంత తీవ్రమో దానికి రెండింతల బరువుతో ఇంకొక మార్కు. ఆ రెండూ కలిపి, మన దగ్గరున్న ఉపాయం ఎంత పనిచేస్తుందన్న మార్కుతో గుణించాలి. తర్వాత ప్రతి సమస్యనూ ఐదు ప్రశ్నలతో వడపోయాలి: ఇది మనం చేయదగిన పనేనా, ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా, ప్రజలు ఒప్పుకుంటారా, వనరులున్నాయా, చట్టం అడ్డొస్తుందా. ఈ లెక్కలో టీకాలు, గర్భిణి పరీక్షలు పైకి వచ్చాయి. వాటికి పనిచేసే ఉపాయం ఉండటమే కారణం. ఒళ్లునొప్పులు కిందికి పోయాయి. వాటితో ఎవరూ చనిపోరు కాబట్టి తీవ్రతకు మార్కులు తక్కువ.

లెక్క అక్కడితో ఆపితే మన జాబితాయే గెలుస్తుంది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ ముందు రెండు జాబితాలూ పెట్టినప్పుడు ఒకామె సూటిగా అడిగింది: "మా నడుంనొప్పికి మీ దగ్గర మందు లేదా, మార్కులు లేవా?" ఆ ప్రశ్న న్యాయమైనది. నొప్పి తట్టుకోలేక కిరాణా కొట్లో మాత్రలు కొని రోజూ మింగేవాళ్లున్నారు. నొప్పి మాత్రలు మోతాదు లేకుండా ఏళ్ల తరబడి వాడితే కడుపు, మూత్రపిండాలు రెండూ దెబ్బతింటాయి. నీళ్లు తాగకుండా ఎండలో పనిచేసే మనిషికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఊరి మొదటి సమస్యను మేము తీవ్రం కాదని కొలిచాం, ఆ కొలత దాని వెనకున్న ప్రమాదాన్ని చూడలేదు. కమిటీ దాన్ని మొదటి వరుసకు తెచ్చింది. నేను దాన్ని సమర్థించాను.

ప్రణాళిక

ప్రధానమైన మార్పు బయలుదేరకముందు జరిగే ఆరోగ్య దినం. దీపావళి తర్వాత, గుంపులు కదిలే ముందు, సాయంత్రం పూట పెట్టాం. పగలు పెడితే పత్తి తీతలో ఉన్నవాళ్లు రారు. పిలుపు ఒళ్లునొప్పుల పరీక్షకు, చేతుల మంట నివారణకు. వచ్చిన ప్రతి కుటుంబానికీ మిగతావన్నీ అక్కడే చేశాం: గర్భిణికి హీమోగ్లోబిన్, బీపీ, మూత్రపరీక్ష, కాన్పు తేదీ లెక్క, బిడ్డకు ఆ రోజుకు పడాల్సిన టీకాలు, బీపీ, షుగరు ఉన్నవారికి వీలైనన్ని రోజుల మందులు. తల్లీబిడ్డ రక్షణ కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చాం. గుడారంలో తడిసి చిరిగిపోవడమే కార్డులు పోవడానికి పెద్ద కారణమని అంతకుముందే విన్నాం. తర్వాతి టీకా ఏ తేదీకి పడాలో కార్డు మీద పెద్ద అక్షరాలతో రాశాం. టీకాకు సొంత ఊరు అవసరం లేదని, ఏ ఉపకేంద్రంలోనైనా ఉచితంగా వేస్తారని ప్రతి తల్లికీ విడిగా చెప్పాం. చాలామంది ఆ ఊరి నర్సు వేయదేమోనన్న భయంతోనే వెళ్లడం లేదు.

హీమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తగ్గిన గర్భిణిని ప్రయాణానికి వదలకుండా ఆసుపత్రికి పంపాలన్నది నియమంగా పెట్టుకున్నాం. ఆగమని చెప్పడం సులభం. ఆ చేతులకు తీసుకున్న అడ్వాన్సు సంగతి పొదుపు సంఘం చేపట్టింది. సంఘం అప్పుతో ఆ మొత్తాన్ని సర్దుబాటు చేసుకునే వీలు కొందరికి దొరికింది, అందరికీ కాదు.

మేస్త్రి పుస్తకం సాయంతో ఏ గుంపు ఏ మండలానికి వెళ్తుందో పట్టిక రాసి, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మా వైద్యాధికారి ద్వారా గర్భిణుల, పసిపిల్లల జాబితా పంపాం. క్షయ మందులు వాడుతున్నవారి వివరాలను క్షయ రోగుల ఆన్‌లైన్ రిజిస్టరైన నిక్షయ్ పోర్టల్‌లో వెళ్లే చోటికి బదిలీ చేశాం. పోషణకు నెలకు 1,000 రూపాయలు వారి ఖాతాకే వస్తాయి కాబట్టి ఊరు మారినా ఆగవని చెప్పాం. అంగన్‌వాడీ కార్యకర్త తమ యాప్ పోషణ్ ట్రాకర్‌లో వలస నమోదు చేసింది. ఊళ్లో మిగిలిన వృద్ధుల ఇళ్లను ఆశా కార్యకర్త వారం వారం చూసేలా వీధులవారీగా పంచుకున్నాం. కమిటీకి ఏటా వచ్చే 10,000 రూపాయల అన్‌టైడ్ నిధి (స్థానిక అవసరానికి తగ్గట్టు ఖర్చు పెట్టుకునే నిధి) నుంచి ప్లాస్టిక్ సంచులు, చేతులకు నూనె, నీళ్ల సీసాలు కొన్నారు.

సీజను తర్వాత

ఉగాదికి తిరిగొచ్చాక కార్డులన్నీ చూశాం. టీకాల గడుల్లో గుంటూరు వైపు ఉపకేంద్రాల ముద్రలు కనిపించాయి. అంతకుముందు ఏడాది కార్డుల్లో అవి లేవు. మూడో, నాలుగో గర్భిణి పరీక్ష అయినవారు పెరిగారు. కానీ పెద్ద గుంపులతో, రోడ్డుకు దగ్గర పొలాలకు వెళ్లినవారిలోనే ఆ పెరుగుదల ఎక్కువ. చిన్న గుంపులు, లోపలి పొలాలు అలాగే మిగిలాయి. క్షయ మందులు ఆపకుండా వాడారు. వృద్ధుల బీపీ కొంత అదుపులోకి వచ్చింది. ఇది మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో దొరికిన ఫలితం.

రక్తహీనత తగ్గలేదు. టీతో మాత్ర మానినా, నాలుగు నెలలు కారం అన్నంతో గడిపే మనిషి రక్తం మాత్రతోనే పెరగదు. తాగునీరు, మద్యం, ఆడపిల్లల భద్రత మా చేతికి అందని చోట ఉన్నాయి. వాటిని ప్రణాళికలోంచి తీసేయమని ఒక దశలో సూచన వచ్చింది, బాధ్యులెవరో రాయలేని అంశం ప్రణాళికలో ఎందుకన్నది సూచించినవారి వాదన. నేను ఒప్పుకోలేదు. అంచనా ఊరిది. ఊరు చెప్పిన అవసరం తీర్చలేకపోయినా అది కాగితం మీద ఉండాలి. గ్రామసభకు, విద్యాశాఖకు, మండల స్థాయి సమావేశానికి అదే కాగితాన్ని తీసుకెళ్లాం. హాస్టల్ తెరిచే తేదీని గుంపులు కదిలే తేదీకి ముందుకు జరపాలన్న విన్నపం ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఈ దీపావళికి ఆరోగ్య దినం తేదీని మేస్త్రులే అడుగుతున్నారు. రెండో ఏడాది ప్రణాళికలో మొదటి పని లోపలి పొలాలకు వెళ్లే చిన్న గుంపుల పట్టిక. దాన్ని ఏ.ఎన్.ఎం. ఇప్పటికే మొదలుపెట్టింది. రిమార్కుల గడిలో వలస అని రాసిన చోట పక్కనే మండలం పేరు, ఫోను నంబరు, తర్వాతి తేదీ రాస్తోంది.